ఆపదలో ఉన్నవాళ్ళకి 91వ కీర్తన కాక ఇంకేం చదివించాలి, ఎలా చదివించాలి?

పొద్దుపొడుపు అడిగిన ప్రశ్న:

అందరికీ వందనాలు. స్త్రీల సహవాసంలో ఆరు శుక్రవారాలు "దేవుడు మనకు ఆశ్రయము" అనే అంశం తీసుకోవాలి. ఒక్కో కూడిక గంట. పాతిక మంది దాకా కూర్చుంటారు. అందులో సగం మంది వాక్యం వినడమే గానీ బైబిలు తిప్పి చదవలేరు. ఇంట్లో డయాలసిస్ రోగి ఉన్నవాళ్ళు, వారం వారం గ్రూపు లోను కిస్తీ కట్టాల్సినవాళ్ళు, రాత్రిళ్ళు నిద్రపట్టనివాళ్ళు, అందరూ వస్తారు.

మన దగ్గర ఆపద అంటే 91వ కీర్తన. గుమ్మం మీద అదే, ఆటో అద్దం మీద అదే, దిండు కింద కాగితం మీద అదే. నలభై రోజులు, రోజుకి మూడుసార్లు చదివితే పని జరుగుతుందని చెప్పేవాళ్ళూ ఉన్నారు. జరగకపోతే చదివినావిడ "నా విశ్వాసమే చాల్లేదు" అని కుంగిపోతుంది, లేదా రావడం మానేస్తుంది. 91ని సరిగ్గా ఎలా చెప్పాలి? దానికి ముందూ వెనకా ఏ కీర్తనలు పెట్టాలి? దేవుణ్ణి నమ్మి ఊరుకోవడానికీ, చేయాల్సిన పని చేయకుండా ఊరుకోవడానికీ తేడా వాళ్ళకి అర్థమయ్యేలా ఎలా చూపించాలి? వాక్యంలో పునాది ఉన్న జవాబులు కావాలి.

సెలా71 జవాబు:

వందనాలు సిస్టర్. మొదటి వారం 91 పెట్టకండి. ఐదో వారానికి జరపండి. అప్పటికి "ఆశ్రయం" అన్న మాట బరువు వాళ్ళకి తెలిసి ఉంటుంది. మొదలుపెట్టాల్సింది 46తో.

46లో 11 వచనాలే. మూడు చోట్ల "సెలా" అని ఉంటుంది: 3, 7, 11 వచనాల చివర. చాలామంది ఆ మాట పైకి చదివేసి వెళ్ళిపోతారు, లేదా మింగేస్తారు. కీర్తనల గ్రంథంలో అది 71 సార్లు వస్తుంది. పాట మధ్యలో గాయకులకి ఇచ్చిన గుర్తు అని పండితులు ఎక్కువగా అంటారు. చదవలేనివాళ్ళున్న గుంపులో దాన్ని ఆగే చోటుగా వాడుకోండి. ఒకరు 1-3 చదవాలి. ఆగి, పది ఊపిరులు నిశ్శబ్దం. తర్వాత 4-7, మళ్ళీ నిశ్శబ్దం. తర్వాత 8-11. ఈ మూడు భాగాలకీ మూడు బొమ్మలున్నాయి. మొదటిది పొంగే సముద్రం, వణికే కొండలు. రెండోది పట్టణంలో నెమ్మదిగా పారే నది. మూడోది విరిగిన విల్లు, కాలిన రథాలు. అక్షరం రానివాళ్ళు కూడా ఈ మూడూ గుర్తు పెట్టుకుని ఇంటికి పోయి చెప్పగలరు. 7, 11 వచనాలు దాదాపు ఒకటే, పల్లవి. అది అందరిచేతా పలికించండి.

ఇక్కడ మన తెలుగు అనువాదంలో కనపడని సంగతి ఒకటుంది. మొదటి వచనంలో "ఆశ్రయము", 7వ వచనంలో "ఆశ్రయమై యున్నాడు" రెండూ మనకి ఒకే మాట. హెబ్రీలో వేరు. మొదటిది మహ్సే. వానలో, గాలిలో, ఎండలో పరుగెత్తుకెళ్ళి తలదాచుకునే చోటు. యెషయా 4:6లో గాలివానకి చాటు అన్నప్పుడు ఈ మాటే వాడాడు. రెండోది మిస్గాబ్. శత్రువు చెయ్యి అందని ఎత్తైన చోటు. కోస్తా జిల్లాల వాళ్ళకి దీన్ని విప్పి చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన పేరు విననివాళ్ళు ఉండరు. తుఫాను షెల్టర్‌లో రెండు గుణాలుంటాయి: గాలివానకి చాటు, నీటికి అందని ఎత్తు. ఒకటి మహ్సే, రెండోది మిస్గాబ్. పైగా షెల్టర్ ఊళ్ళో ఉన్నంత మాత్రాన ఎవరూ బతకరు, ఇల్లు వదిలి నడిచి వెళ్ళాలి. కీర్తనల్లో "శరణుజొచ్చి యున్నాను" అన్న క్రియ ఆ నడకే. దిండు కింద కాగితానికీ కీర్తనకీ తేడా ఎక్కడుందో ఈ ఒక్క పోలికతో చెప్పొచ్చు.

10వ వచనం దగ్గర జాగ్రత్త. "ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్నది కష్టంలో ఉన్న మనిషిని నోరుమూసుకోమని చెప్పిన మాట కాదు. ముందు వచనాలు చూడండి, యుద్ధాలు, విల్లు, ఈటె. హెబ్రీ క్రియకి అర్థం చేతులు సడలించడం, పట్టు వదలడం. కొట్లాడుతున్న జనాంగాలకి "ఇక చాలు, ఆపండి" అంటున్నాడు. ఏడుస్తున్న తల్లి ముందు ఈ వచనం చదివి ఊరుకోమనడం దాని అర్థాన్ని తలకిందులు చేయడమే.

ఇక 91. ఇందులో మాట్లాడే గొంతులు మారతాయి. మొదటి రెండు వచనాలు నమ్మినవాడి ఒప్పుకోలు. 3 నుంచి 13 వరకు ఇంకొకరు అతనికి ధైర్యం చెప్పడం, అంతా "నీవు", "నీకు" అనే నడుస్తుంది. 14 నుంచి 16 వరకు దేవుడే మాట్లాడతాడు. ముగ్గురిచేత మూడు భాగాలూ చదివించండి, ఒక్కసారికే అర్థమవుతుంది. దేవుడు తన నోటితో అన్నదేంటో చూపించండి: "శ్రమలో నేనతనికి తోడై యుండెదను". శ్రమ రానివ్వను అనలేదు. శ్రమ అన్న మాట ఆయన వాగ్దానం లోపలే ఉంది.

ఇంకొకటి తప్పకుండా చెప్పాలి. ఈ కీర్తనని తాయెత్తులా వాడమన్నవాడు ఒకడు సువార్తల్లోనే ఉన్నాడు. మత్తయి 4:6లో సాతాను యేసుని దేవాలయ గోపురం మీంచి దూకమంటూ 91:11-12 ఎత్తి చెప్పాడు. 11వ వచనంలో ఉన్న "నీ మార్గములన్నిటిలో" అన్న ముక్క వదిలేశాడు. గోపురం మీంచి దూకడం దేవుడు చూపిన మార్గం కాదు కాబట్టి ఆ మాట అడ్డమొస్తుంది. యేసు ద్వితీయోపదేశకాండం 6:16తో జవాబిచ్చాడు, ప్రభువును శోధించకూడదని. అదే యేసు సిలువ మీద చివరి ఊపిరితో పలికింది 31:5, ఆత్మను దేవుని చేతికి అప్పగించే మాట. ఆ 31 మొదలయ్యేదే "నీ శరణుజొచ్చి యున్నాను" అని. ఆశ్రయించినవాడు సిలువ తప్పించుకోలేదు, తండ్రి చేతిలోకి వెళ్ళాడు. "విశ్వాసం చాలక" అని కుంగినావిడకి హెబ్రీ 11 పక్కన పెట్టండి: 34వ వచనంలో విశ్వాసంతోనే కత్తి వాదర తప్పించుకున్నవాళ్ళున్నారు, 37లో విశ్వాసంతోనే కత్తికి బలైనవాళ్ళున్నారు. ఇద్దరినీ ఒకే పేరాలో పెట్టి మెచ్చుకున్నాడు.

ఊటకాలువ జవాబు:

మీ మూడో ప్రశ్నకి యూదా రాజు హిజ్కియాని మించిన పాఠం లేదు. ఒక శుక్రవారం మొత్తం ఆయనకే ఇవ్వండి. 2 రాజులు 18-19, 2 దినవృత్తాంతాలు 32, యెషయా 22, మూడూ కలిపి చూడాలి. ఒకటే చూస్తే పాఠం ఒంటికాలి మీద నిలబడుతుంది.

క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీదికి వచ్చాడు. హిజ్కియా ముందు కప్పం కట్టి చూశాడు, మందిరం తలుపుల బంగారం కూడా ఊడదీసి ఇచ్చాడు. దాంతో ఆపద పోలేదు. ఈ భాగం దాటేయకండి, భయంలో చేసే మొదటి పని చాలాసార్లు ఇలాగే ఉంటుంది. నగరం కోసం ఆయన చేసిన ఏర్పాట్లు దినవృత్తాంతాల్లో ఉన్నాయి. బయటి ఊటలు మూయించాడు, పడిన గోడ కట్టించాడు, గిహోను ఊట నీటిని నేలకింద కాలువ తవ్వించి పట్టణంలోకి మళ్ళించాడు. ఆ సొరంగం ఇప్పటికీ యెరూషలేములో ఉంది, 533 మీటర్లు. రెండు చివర్ల నుంచి తవ్వుకుంటూ వచ్చిన కూలీలు మధ్యలో కలుసుకున్న సంగతి చెక్కిన రాయి 1880లో దొరికింది.

అంత పని చేసినవాడే బెదిరింపు ఉత్తరం వచ్చిన రోజు దాన్ని మందిరానికి తీసుకెళ్ళి యెహోవా సన్నిధిని విప్పి పరిచాడు (2 రాజులు 19:14). ఆ ప్రార్థన ఐదు వచనాలే, 15 నుంచి 19. దాని వరస గమనించండి. ముందు నీవెవరివో అన్నాడు. తర్వాత చూడు, విను అన్నాడు. ఆ తర్వాత, 17వ వచనంలో, అష్షూరు రాజులు దేశాలను పాడు చేసిన మాట నిజమే అని ఒప్పుకున్నాడు. అడగడం ఆఖర్న. మన ప్రార్థనల్లో తరచూ ఎగిరిపోయేది ఆ మూడో మెట్టు. "అప్పు లేనట్టే నమ్ముతున్నాను" అనడం విశ్వాసం కాదు. ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు దేవుని ముందు చదవడమే విశ్వాసం.

సొరంగం తవ్వడం నమ్మకలోపమా అని ఎవరైనా అడిగితే యెషయా 22:9-11 తీయండి. ప్రవక్త గద్దించింది నీళ్ళు కూడబెట్టినందుకు కాదు. గోడల మధ్య చెరువు చూసుకున్నారు గానీ దాన్ని చేసినవాడి వైపు చూడలేదే అని. తప్పు గడ్డపారలో లేదు, చూపులో ఉంది. నెహెమ్యా 4:9 కూడా ఇదే వరస: ప్రార్థన చేశారు, రాత్రింబగళ్ళు కావలి పెట్టారు. రెండింటి మధ్య "గానీ" లేదు.

అప్పులవాళ్ళకి 2 రాజులు 4:1-7 విధవరాలి నూనె కుండ పెట్టండి. అప్పిచ్చినవాడు ఆమె ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా అడిగింది ఇంట్లో ఏముందని. తర్వాత పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు, తలుపు మూసుకుని పోయమన్నాడు. నూనె వచ్చాక కూడా అద్భుతం అక్కడితో అయిపోలేదు: అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో బతుకు. లెక్క ఉంది అందులో. కూడికలో ఒక్కొక్కరికీ ఒక తెల్లకాగితం ఇచ్చి నాలుగు గడులు గీయించండి: ఎవరికి, అసలు ఎంత, వడ్డీ ఎంత, కిస్తీ ఏ రోజు. రాయడం రానివాళ్ళకి రాసిపెట్టే మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఆ కాగితాన్ని ఇంటి దగ్గర బల్ల మీద విప్పి, హిజ్కియా పద్ధతిలో, అంకెలతో సహా ప్రార్థించమనండి. అంకెలు పైకి పలకడం చాలా కష్టం, కన్నీళ్ళు అక్కడే వస్తాయి. తొందరపెట్టకండి. ఆ తర్వాత చెప్పాల్సినవి రెండు. పాత కిస్తీకి కొత్త లోను ఎత్తొద్దు. వాయిదా దాటకముందే వెళ్ళి మాట్లాడాలి, దాటాక కాదు. గ్రూపు లోన్ల లాంటి మైక్రోఫైనాన్స్ అప్పులకి రికవరీ ఏజెంట్లు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ఆదేశం ఇచ్చింది. ఆడవాళ్ళకి ఇది తెలియదు, చెప్పండి.

పొద్దుపొడుపు:

ఇద్దరికీ వందనాలు. ఒక చిక్కు ఉంది. "దేవా, నన్ను మరిచిపోయావా" అని ప్రార్థిస్తే సణుగుడు అంటారు మన పెద్దవాళ్ళు. ఇశ్రాయేలీయులు అరణ్యంలో సణిగి పడిపోయారు కదా అని అడుగుతారు. వాళ్ళకి ఏం చెప్పాలి? నిద్రపట్టనివాళ్ళకి, రోగుల దగ్గరికి వెళ్ళేవాళ్ళకి కూడా ఏమైనా చెప్పండి.

సెలా71:

పెద్దవాళ్ళ భయం అర్థం లేనిది కాదు, కానీ తేడా ఉంది. అరణ్యంలో వాళ్ళు దేవుని గురించి గుడారాల్లో ఒకరితో ఒకరు అనుకున్నారు. కీర్తనకారుడు దేవునితోనే అన్నాడు. వీపు తిప్పి అన్నది సణుగు, ముఖం తిప్పి అన్నది మొర. కీర్తనల్లో మూడో వంతుకి పైగా ఈ మొరలే.

13వ కీర్తన తీసుకోండి, ఆరే వచనాలు. 1-2లో "ఎంతకాలం" అన్న మాట హెబ్రీలో నాలుగుసార్లు. 3-4లో మనవి: చూడు, జవాబివ్వు, కళ్ళకి వెలుగివ్వు. 5వ వచనం "నేనైతే" అని మలుపు తిరుగుతుంది. పరిస్థితి ఏమీ మారలేదు, శత్రువు అక్కడే ఉన్నాడు, "నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచి యున్నాను". జరిగే పొరపాటు ఏంటంటే మొదటి రెండు వచనాలు గబగబా దాటించి "నేనైతే" దగ్గరికి లాక్కెళ్ళడం. ఆ నాలుగు ప్రశ్నల చోట ఎవరి ప్రశ్న వాళ్ళు పెట్టుకోవడానికి ఒక్కోదానికి ఒక నిమిషం ఇవ్వండి.

"నేనైతే" అనలేని మనిషి కూడా వస్తుంది. ఆమెకి 88. పద్దెనిమిది వచనాలు, చివరి దాకా వెలుతురు లేదు, ఆఖరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను". నమ్మకం కనపడే చోటు ఒక్కటే, మొదటి వచనంలో "నా రక్షణకర్తవగు" దేవా అన్న పిలుపు. అయినా 1, 9, 13 వచనాల్లో మూడుసార్లు మొరపెడుతూనే ఉన్నాడు. దీన్ని గుంపులో కాకుండా ఆమెతో విడిగా చదవండి. చదివాక వేరే సంతోషకరమైన వాక్యం అతికించి ముగించకండి. దేవుడు ఆ కీర్తనని అలాగే గ్రంథంలో ఉండనిచ్చాడు.

62ని రెండో వారం పెట్టండి, నాకు చాలా ఇష్టమైన చోటు అందులో ఉంది. 1వ వచనంలో నా ప్రాణం దేవుని నమ్ముకుని మౌనంగా ఉంది అంటాడు. 5కి వచ్చేసరికి అదే మాట ఆజ్ఞ అయిపోతుంది: నా ప్రాణమా, మౌనంగా ఉండు. అంటే మధ్యలో ఆ మౌనం చెదిరింది. 3-4లో ఒరిగిన గోడని, పడబోతున్న కంచెని నెట్టినట్టు తన మీద పడ్డవాళ్ళు గుర్తొచ్చారు. తన ప్రాణానికి తనే మళ్ళీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు 2, 6 పక్కపక్కన చూడండి. 2లో "నేను అంతగా కదలింపబడను". 6లో "నేను కదలింపబడను". "అంతగా" అన్న ఒక్క మాట పోయింది. ఆ నాలుగు వచనాల్లో నమ్మకం పెరిగిన కొలత అది. 8వ వచనం మీ పెద్దవాళ్ళకి జవాబు: "ఆయన సన్నిధిని మీ హృదయములు కుమ్మరించుడి". కుండ వంచితే అడుగున ఉన్న మడ్డి కూడా వస్తుంది.

రాత్రిజాము జవాబు:

రోగుల సంగతి, నిద్ర సంగతి నేను రాస్తాను.

నిద్రపట్టనివాళ్ళకి పెద్ద కీర్తనలు ఇవ్వొద్దు. 4:8, 3:5, 56:3, ఈ మూడిట్లో ఒకటి చాలు. 56:3 "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను". సగం ఊపిరి పీల్చేటప్పుడు, సగం వదిలేటప్పుడు. భయం లేదని చెప్పించడం లేదు ఆ వచనం, భయం వచ్చిన రోజు ఎటు వెళ్ళాలో చెబుతోంది. ఫోన్‌లో ఆడియో బైబిలు పెట్టుకుని పడుకోవడం కొందరికి పనిచేస్తుంది, కానీ స్క్రీను బోర్లా పెట్టాలి, లేకపోతే వాక్యం కోసం తీసిన ఫోను గంటసేపు వీడియోల్లోకి పోతుంది.

చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే అక్కడ పాఠం ఆపేయండి. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త అదే అడిగాడు. దేవదూత ముందు ప్రసంగం చేయలేదు: నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్ళు పెట్టాడు, మళ్ళీ నిద్ర, మళ్ళీ రొట్టె. దేవుని మాట హోరేబులో, నలభై రోజుల తర్వాత. కాబట్టి ఒంటరిగా వదలకుండా మనిషి తోడుండాలి, అన్నం తినిపించాలి, ఇంట్లో పురుగుమందు లాంటివి పక్కకి తీయించాలి, డాక్టరుకి చూపించాలి. టెలి మానస్ 14416 మానసిక సహాయానికి ప్రభుత్వ నంబరు, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అలా ఫోన్ చేయడం అవిశ్వాసమని ఎవరూ అనకుండా ముందే కూడికలో చెప్పేయండి.

ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళు ఇద్దరికి మించకూడదు, పది నిమిషాలకి మించకూడదు. నిలబడి కాదు, కూర్చుని, కళ్ళు సమాన ఎత్తులో ఉండాలి. ముందు అడగండి: చదవమంటారా, ఊరికే కూర్చోమంటారా? చదివితే 57:1 ఒక్కటే చదవండి. "ఈ ఆపదలు తొలగిపోవువరకు నీ రెక్కల నీడను" అని ఉంది. "వరకు" అన్న మాట నెమ్మదిగా పలకండి, ఎన్ని రోజులో చెప్పని మాట అది. పక్క మంచం రోగికీ చెవులుంటాయి, గొంతు పెంచొద్దు. "స్వస్థత వచ్చేసింది, నమ్ము" అని చెప్పి రావద్దు. తెల్లారి రిపోర్టు వేరేగా వస్తే ఆ బరువంతా రోగి మీద పడుతుంది. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు అడిగితే అది పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది. హిజ్కియా రోగానికి దేవుడు పదిహేనేళ్ళు పొడిగిస్తానన్నాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టించాడు. మాట, మందు ఒకే గదిలో ఉన్నాయి.

ఉపవాస ప్రార్థన గురించి గట్టిగా చెప్పాలి. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, షుగర్ మాత్రలు మింగేవాళ్ళు తిండి మానితే చక్కెర పడిపోయి స్పృహ తప్పొచ్చు. డయాలసిస్ రోగికి తిండికీ నీళ్ళకీ కొలత డాక్టరు ఇస్తాడు. ఉపవాసం విడిచేటప్పుడు ఇచ్చే కొబ్బరినీళ్ళు, పళ్ళరసం పొటాషియం వల్ల వాళ్ళ గుండెకే ప్రమాదం. ఈ ఇళ్ళల్లో రోగి కాకుండా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఉపవాసం ఉంటే చాలు. ఒక్క డయాలసిస్ కూడా ప్రార్థన పేరుతో మానకూడదు.

ఇంకో మాట. ప్రార్థనా మనవులు వాట్సాప్ గ్రూపులో పేరుతో, రిపోర్టు ఫోటోతో పెడుతున్నారు. అది ఆగాలి. ఆశ్రయం అని వచ్చిన మనిషి గుట్టు ఊరంతా తిరిగితే ఆమె మళ్ళీ నోరు విప్పదు. చీటీ మీద పేరు లేకుండా రాయించి, ఒక డబ్బాలో వేయించి, ప్రార్థన చేసేవాళ్ళు ఇద్దరు మాత్రమే తీయాలి. ఆరో శుక్రవారం ఆ చీటీలు చింపేయండి, దాచిపెట్టకండి.

పొద్దుపొడుపు:

రాసుకున్నాను. వరస ఇలా అనుకుంటున్నా: 46, 62, 13, హిజ్కియా ఉత్తరం, 91, చివర 57. నాలుగో వారానికి గడుల కాగితాలు పాతిక, రాసిపెట్టడానికి ఇద్దరు అమ్మాయిలు. 88 విడిగా.

ఊటకాలువ:

వరస బాగుంది. కాగితాలు నలభై తీసుకెళ్ళండి. మొదటిసారి అందరూ అప్పు తక్కువ చేసి రాస్తారు, కాసేపయ్యాక ఇంకో కాగితం అడుగుతారు.